నిర్దోషిగా తేలిన తమ్ముడికి పరిహారం దక్కుతుందా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. 2017లో జరిగిన ఒక దోపిడీ, హత్య కేసులో అప్పటికి ఇరవై ఏళ్ళున్న మా తమ్ముణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారు. అంతకుముందు మా బస్తీలో గొడవలైనప్పుడు చాలామంది ముస్లిం కుర్రాళ్ళతో పాటు వాణ్ణీ బైండోవర్ చేశారు (గొడవలకు పోనని పూచీకత్తు రాయించుకున్నారు). ఆ పేరు స్టేషన్లో ఉండబట్టే వీణ్ణి ఇరికించారని మా నమ్మకం. సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. నాలుగు నెలల క్రితం హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. పోయిన ఏళ్ళకు పరిహారం అడగవచ్చా? దొంగ సాక్ష్యం పుట్టించినవారిపై చర్య ఉంటుందా? బెనిఫిట్ ఆఫ్ డౌట్ (సంశయ లాభం) కింద వదిలారు కాబట్టి మచ్చ పోలేదని ఊళ్ళో అంటున్నారు. నిజమేనా? కోర్టు ఖర్చులు భరించే స్థోమత మాకు లేదు.

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే మీ ఇంటిల్లిపాదినీ ఎక్కువగా బాధిస్తున్నది అదేనని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. నేరం రుజువు కానంతవరకూ మనిషి నిర్దోషే. అప్పీలులో శిక్ష రద్దయిందంటే చట్టం దృష్టిలో మీ తమ్ముడు అరెస్టుకు ముందు ఎలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడు. పోలీసు ఉద్యోగాల ఎంపికలో మాత్రం నేరం చేయలేదని తేలితే 'గౌరవప్రదమైన విడుదల', రుజువు చాలక వదిలితే 'సంశయ లాభం' అనే తేడాను కోర్టులు చూస్తున్నాయి. అంతకుమించి ఊరివాళ్ళ మాటకు చట్టంలో చోటు లేదు.

పరిహారం విషయంలో మీకు నిష్ఠురమైన నిజం చెప్పక తప్పదు. తప్పుడు శిక్ష అనుభవించినవారికి ఇంత చెల్లించాలని హక్కుగా ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను భారత్ 1979లో ఆమోదించింది. అటువంటివారికి పరిహారం ఇవ్వాలని అందులోని 14వ అధికరణం చెబుతోంది. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో ఇందుకోసం ప్రత్యేక కోర్టులు పెట్టి, చట్టబద్ధమైన పరిహారం ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు చట్టం కాలేదు. కారణం లేకుండా అరెస్టు చేయించినవారి నుంచి బాధితుడికి మేజిస్ట్రేటు ఇప్పించగలిగే మొత్తం పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలోనూ, 2024 జూలై నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 399వ సెక్షన్‌లోనూ వెయ్యి రూపాయలకు మించదు.

కాబట్టి మీకున్న దారులు రెండు. మొదటిది, రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కుకు భంగం కలిగిందంటూ 226వ అధికరణం ప్రకారం హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణకు ఆదేశం కోరే పిటిషన్) వేయడం. నిర్దోషిగా తేలాక కూడా పద్నాలుగేళ్ళు బీహార్ జైల్లో మగ్గిన రుదుల్ షాకు సుప్రీంకోర్టు 1983లో మొత్తం 35 వేల రూపాయలు ఇప్పించడంతో ఈ దారి తెరుచుకుంది. గూఢచర్యం కేసులో అన్యాయంగా అరెస్టయిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో 50 లక్షలు ఇప్పించారు. మన తెలుగు నేల మీద, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసులో ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉండి నడవలేని స్థితికి చేరిన పేద యువకుణ్ణి ఉమ్మడి హైకోర్టు 2017 మార్చిలో నిర్దోషిగా ప్రకటించినప్పుడు, ప్రభుత్వం అతనికి చెల్లించాలని చెప్పింది లక్ష రూపాయలు. లెక్క వేస్తే రోజుకు 35 రూపాయలు కూడా పడదు. కొలబద్ద అంటూ ఒకటి లేనప్పుడు ఇలాగే జరుగుతుంది, ఇది అన్యాయమని చెప్పడానికి నేను వెనకాడను.

ఎదురుదెబ్బల సంగతీ మీరు తెలుసుకోవాలి. గుజరాత్‌లోని అక్షరధామ్ ఆలయంపై ఉగ్రదాడి కేసులో ఆరుగురిని సుప్రీంకోర్టు 2014 మే 16న నిర్దోషులుగా విడుదల చేసింది, వారిలో ముగ్గురు ఉరిశిక్ష పడ్డవారు. అసలు దోషులను వదిలి అమాయకులను ఇరికించారని అదే తీర్పు దర్యాప్తును తప్పుపట్టింది. అయినా పరిహారం అడిగినప్పుడు, అది ప్రమాదకరమైన ఆనవాయితీ అవుతుందంటూ 2016లో అదే కోర్టు ఒప్పుకోలేదు. మక్కా మసీదు పేలుళ్ళ తర్వాత నిర్బంధించిన హైదరాబాద్ యువకులకు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పరిహారపు ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసింది. కేవలం కేసు వీగిపోయిందని డబ్బు అడిగితే నిలవదని ఈ రెంటినీ చూస్తే తెలుస్తుంది. పోలీసులు చేసినది పొరపాటు కాదని, కావాలని చేశారని చూపించాలి.

మీ విషయంలో అందుకు ఆధారం ఉంది. మీరు పంపిన తీర్పు ప్రతిలో ఒక పేరా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ తమ్ముడు చెప్పిన చోట కత్తి, సెల్‌ఫోన్ దొరికాయని రాసిన మధ్యవర్తుల నివేదిక (పంచనామా)పై సంతకం చేసిన ఇద్దరూ, తాము ఆ చోటికి వెళ్ళనేలేదనీ, స్టేషన్‌లోనే ఖాళీ కాగితాలపై సంతకాలు పెట్టామనీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నారు. పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. దాన్ని ఆధారం చేసుకుని ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకే చెల్లుతుంది. అందుకే ఆ వస్తువునే సృష్టించారు. సెషన్స్ కోర్టు మధ్యవర్తుల ఒప్పుకోలును పట్టించుకోలేదు, హైకోర్టు పట్టుకుంది. సాక్షులు నిందితుణ్ణి గుర్తుపట్టే గుర్తింపు పరేడ్‌కు ముందే మీ తమ్ముడి ఫోటో పేపర్లో వచ్చిందని కూడా తీర్పులో ఉంది. మీ రిట్‌కు పునాది ఈ రెండు పేరాలే.

రెండవ దారి, దురుద్దేశంతో కేసు నడిపారంటూ సివిల్ కోర్టులో నష్టపరిహారపు దావా వేయడం. లిమిటేషన్ చట్టం 74వ అధికరణం ప్రకారం నిర్దోషి అని తీర్పు వచ్చిన నాటి నుంచి దీనికి ఒక్క ఏడాదే గడువు. మీకు నాలుగు నెలలు గడిచిపోయాయి. ప్రభుత్వంపై దావాకు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి ఈ వారంలోనే కదలండి. కింది కోర్టు ఒకసారి శిక్ష వేసింది గనుక కేసుకు తగిన కారణం ఉన్నట్టేనని అవతలివారు వాదిస్తారు. వస్తువులు దొరికినట్టు చూపిన దొంగ రికవరీ మీదే ఆ శిక్ష నిలిచిందని మీరు జవాబివ్వాలి. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్దామని ఎవరైనా చెబితే, ఘటన జరిగిన ఏడాది దాటాక అది విచారణ చేపట్టలేదని గుర్తుంచుకోండి.

దొంగ సాక్ష్యం పుట్టించిన అధికారులపై కోర్టు తానే ఫిర్యాదు చేసేలా దరఖాస్తు వేయవచ్చు. కొత్త సంహితలో అది 379వ సెక్షన్, పాతదానిలో 340. ఘటన 2024కు ముందుది కాబట్టి నేరానికి మాత్రం పాత భారత శిక్షాస్మృతే (ఐపీసీ) వర్తిస్తుంది.

మీ అనుమానం నిరాధారమని నేను అనను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. విచారణ ఖైదీలలో వారి వాటా అంతకన్నా ఎక్కువని ఏటా వెలువడే జైలు గణాంకాలే చూపుతున్నాయి. అయితే మతాన్ని బట్టి ఇరికించారని రిట్‌లో ఊరికే రాస్తే సరిపోదు. ఆ పాత బైండోవర్ కాగితాన్ని, ఆనాడు ఎవరెవరిని పిలిచారో ఆ జాబితాను సమాచార హక్కు కింద తెప్పించి జతచేయండి. మీ తమ్ముడి పేరుతో రౌడీషీటు ఇంకా తెరిచి ఉంటే దాన్ని మూసివేయమని పోలీస్ కమిషనర్‌కు రాసి, స్పందన లేకుంటే దానిమీద విడిగా రిట్ వేయండి.

ఖర్చు భరించలేమన్నారు. మీ ఆదాయం పరిమితిలో ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదిని ఉచితంగా ఇస్తుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ, మధ్యవర్తులిద్దరి సాక్ష్యపు ప్రతులు, జైలు నుంచి శిక్షాకాలపు ధ్రువపత్రం, మీ తమ్ముడు లోపల ఉండగా చేయించుకున్న వైద్యం కాగితాలు తీసుకుని వెళ్ళండి.