జామాయిల్ వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

వ్యాసం అందింది. మీ నాయనమ్మ జామాయిల్ ఆకులు మరిగించి, దుప్పటి కప్పి నీకు ఆవిరి పట్టిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. ఆ వెంటనే వచ్చిన వాక్యానికే నాకు ఒళ్లు మండింది. "మన మహర్షులు వేల ఏళ్ల కిందటే గుర్తించిన ఈ ఆకు సర్వ క్రిములనూ నాశనం చేస్తుంది" అన్నావు. ఏ మహర్షి తల్లీ? ఆ చెట్టు ఆస్ట్రేలియాది. నీలగిరి కొండల్లో నాటిందే 1843లో.

ఇక సర్వ క్రిముల సంగతి. జపాన్ శాస్త్రవేత్తలు చాలా రకాల యూకలిప్టస్ (అదే మన జామాయిల్) ఆకుల సారాలు తీసి పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రచురించారు. గ్లోబ్యులస్, మాక్యులేటా, విమినాలిస్ జాతుల సారాలు స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాను, మందులకు లొంగని దాని రకాన్ని కూడా అడ్డుకున్నాయి. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా మీద మాత్రం గట్టిగా పని చేయలేదు. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాకు బయట ఇంకో పొర ఉంటుంది, ఇంటికి రెండో ప్రహరీలాగా. చాలా పదార్థాలు దాన్ని దాటలేవు. నీ వ్యాసంలో రాయాల్సిన అసలు కథ ఇది!

ఉత్త "ఆకు" అని రాసి ఊరుకుంటే నేను ఒప్పుకోను. ఏ జాతి, ఏ పదార్థం, ఏ క్రిమి మీద, ఎంత మోతాదులో? ఈ నాలుగూ లేకపోతే అది సైన్సు వ్యాసం కాదు, సంతలో మందులమ్మేవాడి కేక. మన వైపు కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్ ఎక్కువగా టెరిటికార్నిస్ జాతి, దాని క్లోన్లు, అంటే ఒకే చెట్టు నుంచి తీసిన నకళ్లు. నువ్వు ఇచ్చిన 70 శాతం సినియోల్ (తైలంలోని ముఖ్య పదార్థం) లెక్క ఊటీలో పెరిగే గ్లోబ్యులస్ తైలానిది. ఒక చెట్టు ఫొటో పెట్టి ఇంకో చెట్టు జాతకం చెప్పావు.

పైగా ఆవిరిలో వచ్చేదీ ఆకులో ఉండేదీ ఒకటి కాదు. సినియోల్, పైనీన్ తేలిగ్గా ఆవిరవుతాయి, ఆ ఘాటు వాటిదే. మాక్రోకార్పల్స్ అనే ఫినాలిక్ పదార్థాలు బరువైనవి, ఆవిరితో పైకి రావు. ఆల్కహాల్ లాంటి ద్రావకంలో నానబెట్టి తీయాలి. మొదటి మాక్రోకార్పల్‌ను 1990లో మాక్రోకార్పా అనే జాతి ఆకుల్లో కనుక్కున్నారు. స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ క్రిముల మీద, అంటే ఆ బయటి పొర లేనివాటి మీద, గట్టిగా పనిచేసేవాటిలో ఇవీ ఉన్నాయి. మీ నాయనమ్మ గిన్నెలో అవి ఉన్నా, అడుగునే ఉండిపోయి ఉంటాయి. ఆవిరికి ముక్కు తేలికైనట్టు అనిపించింది నిజమే, దానికీ బాక్టీరియా చావడానికీ సంబంధం లేదు.

అంకెలు పెడితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని భయపడ్డావు కదా. ఆ మాట నాకు ఒక వారపత్రిక సంపాదకుడు చెప్పాడు. నా వ్యాసంలో మోతాదులన్నీ కొట్టేసి, "క్రిములకు యమపాశం" అని హెడ్డింగ్ పెట్టాడు. తర్వాత నాకు వచ్చిన కార్డుల్లో ఒకటే ప్రశ్న, ఆ తైలం చెంచాతో తాగొచ్చా అని. కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చన్న వాక్యం కూడా ఆయన కోతలోనే పోయింది. ఆయనకు ఆ తర్వాత అవార్డు వచ్చింది, నాకు రెమ్యూనరేషన్ కూడా రాలేదు. ఇప్పుడు రీల్స్ వాళ్లు చేస్తున్నదీ అదే పని, కాకపోతే పాట జోడిస్తున్నారు.

కలం పేరు గురించి, పుస్తకం వేయడం గురించి అడిగావు. ఇప్పుడు కాదు. ముందు మీ ఊళ్లో మొక్కలిచ్చిన నర్సరీకి వెళ్లు, క్లోన్ నంబర్ చెబుతారు. అది రాసుకుని, మూడో పేజీ నుంచి మళ్లీ రాసి పంపు.