మన సర్వర్లు క్లౌడ్‌కి మార్చేటప్పుడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఆఫీసులో ఉన్న 30 వీఎంవేర్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ సర్వర్లను) అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌కి మార్చే పని నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. డిస్కులు కాపీ చెయ్యడం ఇందులో తేలిక. ఏ మెషీన్ దేనితో మాట్లాడుతోందో తెలుసుకోవడమే కష్టం. తేడా వస్తే తెల్లారేలోపు పాత చోటికి తిరిగి రావడం అంతకన్నా కష్టం. నీ టైమంతా ఆ రెండింటి మీదే పెట్టు.

ముందు లైను లెక్క వేసుకో. 100 ఎంబీపీఎస్ లైను మొత్తం నీకే ఇచ్చినా 1 టీబీ వెళ్లడానికి 22 గంటలు దాటుతుంది. ఆఫీసు వాడకం పోను సగమే దొరుకుతుంది కాబట్టి రెండు రోజులనుకో. మొదటి కాపీ అయ్యాక కూడా మారిన డేటా వెళ్తూనే ఉంటుంది. రోజూ రాత్రి డేటాబేస్ బ్యాకప్ అదే మెషీన్ డిస్కులో పడుతుంటే వెనకబాటు, అంటే ఇంకా వెళ్లాల్సిన డేటా, ఎన్నాళ్లైనా తీరదు. బ్యాకప్‌లను వేరే డిస్కుకి మళ్లించి, ఏజెంట్ (పాత మెషీన్‌లో ఉండి డేటాను క్లౌడ్‌కి పంపే ఏడబ్ల్యూఎస్ ప్రోగ్రాం) ఎక్కించేటప్పుడు ఆ డిస్కును వదిలెయ్. ఫైర్‌వాల్‌లో బయటికి 443తో పాటు 1500 పోర్టు కూడా తెరిపించు. 443 ఒక్కటే ఉంటే ఏజెంట్ చక్కగా ఎక్కుతుంది, డేటా మాత్రం కదలదు.

ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నెల రోజులు రాసుకో. వారం చాలదు, జీతాల జాబ్ నెలాఖరునే నడుస్తుంది. అప్లికేషన్‌నీ దాని డేటాబేస్‌నీ ఒకే రాత్రి మార్చాలి. ఒకటి ఇక్కడ, ఇంకోటి అక్కడ ఉండి, ఒక స్క్రీన్ డేటాబేస్‌కి 200 క్వెరీలు (ప్రశ్నలు) వేస్తుందనుకో, పోయి రావడానికి ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు పట్టినా ఆ స్క్రీన్ 4 సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటుంది. అప్పుడు అందరూ క్లౌడ్‌నే తిడతారు. డొమైన్ కంట్రోలర్‌ని (అందరి లాగిన్‌లు చూసే సర్వర్‌ని) మాత్రం కాపీ చెయ్యొద్దు, అక్కడే కొత్తది పెట్టి పాతదాని నుంచి రెప్లికేట్ చేసుకో.

లినక్స్ మెషీన్లలో ఎఫ్‌స్టాబ్ ఫైలు (ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చెయ్యాలో, అంటే తగిలించాలో, రాసి ఉండేది) ఒక్కొక్కటీ నువ్వే తెరిచి చూడు. అందులో ఎస్‌డీబీ1 అని డిస్కు పేరు రాసి ఉంటే, అక్కడికి వెళ్లాక ఆ డిస్కు ఎన్‌వీఎంఈ పేరుతో కనిపిస్తుంది. మౌంట్ దొరక్క మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లోపలికి వెళ్లడం కూడా కుదరదు. పేరు తీసి యూయూఐడీ (పేరు మారినా మారని గుర్తింపు నంబరు) రాయి, డేటా డిస్కులకు నోఫెయిల్ కూడా చేర్చు, అప్పుడు డిస్కు దొరక్కపోయినా మెషీన్ లేస్తుంది. పాత కెర్నల్ అయితే ఎన్‌వీఎంఈ (డిస్కు), ఈఎన్ఏ (నెట్‌వర్క్) డ్రైవర్లు ఉన్నాయో లేదో ముందే చూసుకో.

టెస్ట్ కాపీ లేపేటప్పుడు ఆఫీసుకీ బయటికీ దారి లేని సబ్‌నెట్‌లోనే (విడిగా ఉన్న నెట్‌వర్క్ భాగంలోనే) లేపు. దాని లోపల క్రాన్ జాబ్‌లన్నీ (టైముకి వాటంతటవే నడిచే పనులు) అలాగే ఉంటాయి. దారి దొరికితే కస్టమర్లకు బిల్లు మెసేజ్ రెండుసార్లు వెళ్తుంది. 25వ పోర్టు నుంచి మెయిల్ పంపే మెషీన్లు ఉంటే ముందే వేరే రిలే (మెయిల్‌ని ముందుకు పంపే సర్వర్) చూసుకో, అక్కడ ఆ పోర్టు బయటికి మూసి ఉంటుంది.

అసలు రాత్రికి రెండు రోజుల ముందే డీఎన్ఎస్ టీటీఎల్ (సర్వర్ పేరుకి ఉన్న పాత అడ్రసును మిగతావి గుర్తుంచుకునే టైము) 300 సెకన్లకు దించు. ఆ రాత్రి పాత మెషీన్‌లో సర్వీసులు ఆపు, మెషీన్‌ని ఆపకు. మెషీన్ ఆగితే ఏజెంటూ ఆగి, చివరి మార్పులు దాటవు. సర్వీసులను డిసేబుల్ కూడా చెయ్యకు, అది కూడా కాపీతో పాటే వెళ్లి కొత్త చోట ఏదీ లేవదు. వెనకబాటు సున్నాకి వచ్చాకే కొత్తది లేపు. మొదటి గంటల్లో డేటాబేస్ నత్తనడక నడుస్తుంది, బెదిరిపోకు. స్నాప్‌షాట్ (డిస్కు నకలు) నుంచి వచ్చిన డిస్కులో ప్రతి బ్లాకూ మొదటిసారి చదివేటప్పుడే వెనక నుంచి దిగుతుంది. జనం రాకముందే డేటా ఫైళ్లన్నీ ఒకసారి చదివించు.

ఉందామా, వెనక్కి వెళ్దామా అన్నది ఉదయం 4 గంటలకల్లా తేల్చెయ్. జనం లోపలికొచ్చి కొత్త ఎంట్రీలు వేశాక పాత మెషీన్‌లో అవి ఉండవు, వెనక్కి వెళ్తే వాళ్ల పని పోయినట్టే. మార్పు పూర్తయిందని ఏడబ్ల్యూఎస్‌కి చెప్పే ఫైనలైజ్ కటోవర్ బటన్ ఆ రాత్రి నొక్కకు, నొక్కితే రెప్లికేషన్ (డేటా కాపీ) ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి పంపాలి.

అంతా కుదిరాక పాత మెషీన్‌ని ఆపి, దాని నెట్‌వర్క్ కార్డు కనెక్షన్ టిక్కు తీసెయ్. ఎవరైనా తెలియక ఆన్ చేసినా రెండు మెషీన్లు కొట్టుకోవు. ఒక నెలాఖరు దాటేదాకా డిలీట్ చెయ్యొద్దు.

నీ మేలు కోరే
పెదనాన్న