మొదటి రిమాండ్ రోజే అడుగు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

ఉగ్రవాద నిరోధక చట్టం ఉపా కింద పెట్టిన కేసులో ఓ అబ్బాయి తరఫున వకాలత్ వేశావని మీ నాన్న చెప్పాడు. బెయిలు సంగతి తర్వాత, ముందు పోలీసులు సోదా చేసి రాసిన మహజరు చదువు.

2024 మార్చి 1న రామేశ్వరం కేఫ్‌లో బాంబు పేలిన ఊరు మనది. జనం భయం నిజం, పోలీసులు వెతకడమూ తప్పదు. ఉపా 43ఏ సెక్షన్ వారంటు లేకుండా, రాత్రయినా పగలైనా సోదా చేయనిస్తుంది. కానీ ఆ అధికారికి నమ్మదగిన కారణం ఉండాలి. ఎవరో చెప్పిన సమాచారమైతే అది రాతలో ఉండాలి. నువ్వు పట్టుకోవాల్సింది ఆ కారణాన్నే.

లండన్‌లో 2000 నాటి టెర్రరిజం చట్టం 44వ సెక్షన్ కింద ఏ అనుమానమూ లేకుండానే దారిన పోయేవాళ్లను ఆపి సోదా చేసేవారు. గిలన్ కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2010లో దాన్ని తప్పుపట్టింది. అనుమానం చూపించనక్కర్లేదంటే, అధికారాన్ని దుర్వినియోగం చేశారని నిరూపించడం దాదాపు అసాధ్యమని ఆ కోర్టు గుర్తించింది. కారణం కాగితం మీద లేకపోతే జడ్జి మాత్రం దేన్ని పరిశీలిస్తారు?

మహజరులో సోదా మొదలైన టైమూ ముగిసిన టైమూ ఎఫ్ఐఆర్‌తో పోల్చి చూడు. మూడు గదులు, రెండు లాప్‌టాప్‌లు, బీరువా నిండా పుస్తకాలు అరగంటలో తేల్చేశామని రాసుంటే అక్కడ ఆగు. పంచులుగా సంతకం చేసిన సాక్షులు ఆ వీధివాళ్లా, పోలీసులు వెంటబెట్టుకొచ్చిన వాళ్లా? ఫోన్ ఐఎంఇఐ నంబరు రాశారా? సీలు మీద సంతకాలున్నాయా? కొత్త నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా మొత్తం వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఉపాతో పొసగని చోట తప్ప సోదాలకు మామూలు నిబంధనలే వర్తిస్తాయని 43సీ చెబుతోంది. ఆ వీడియో కోర్టుకు చేరిందా అని అడుగు.

ఇదంతా విచారణ దాకా దాచుకోకు. సోదా అక్రమమైనా, దొరికింది కేసుకు సంబంధించినదైతే సాక్ష్యంగా పనికొస్తుందని పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. నాకు అది ఎప్పుడూ మింగుడుపడలేదు, కానీ చట్టం అదే. అందుకే మొదటి రిమాండ్ రోజే ఈ లోపాలన్నీ రాసి కోర్టులో మెమో వేయాలి. న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ ఉపా కేసులో వకీలుకు కబురు అందేసరికే రిమాండ్ అయిపోయింది. అరెస్టు కారణాలు రాసివ్వలేదని 2024 మే 15న సుప్రీంకోర్టు ఆ అరెస్టునూ రిమాండునూ కొట్టేసింది. ఆ తీర్పు కాపీ ఫైల్లో పెట్టుకో.

టెర్రరిస్టుల తరఫు వకీలంటూ బార్ అసోసియేషన్‌లో ఎవరైనా ముఖం చిట్లిస్తే పట్టించుకోకు. 1962లో ఖరక్ సింగ్ కేసులో పోలీసు నిఘా నిబంధన మొత్తం చెల్లదని రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు గారిది అప్పుడు మైనారిటీ మాటే. మన హైకోర్టులో జడ్జిగా చేసిన పుట్టస్వామి గారి గోప్యత హక్కు కేసులో 2017లో తొమ్మిదిమంది జడ్జీలూ ఆ మాట వైపే నిలిచారు.

జడ్జి గారితో గొంతు పెంచకు. మెమో ఒక్క పేజీ దాటనీయకు. మహజరు నకలు ఆ అబ్బాయి వాళ్లమ్మకు ఇచ్చారో లేదో ఇవాళే కనుక్కో. ఇవ్వకపోతే మెమోలో మొదటి పాయింటు అదే. రాసి ఆదివారం ఇంటికి పట్టుకురా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

మీ పెదనాన్న
బెంగళూరు