సందేహాలు – సమాధానాలు: ‘బాపూ, నువ్వు’ అంటే తప్పా?

సందేహం: నేను కరీంనగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు టీచర్ని. వార్షికోత్సవం కోసం ఏడో తరగతి పిల్లలతో వేయించడానికి అరగంట నాటిక రాశాను. ఇంట్లో బాపమ్మ, బాపు, అమ్మ, ఇద్దరు పిల్లలు, అందరి మధ్యా ఒక సెల్‌ఫోను. అదీ కథ. రాతప్రతి మీద ‘బాలల నాటిక’ అని వేశాను. చదివిన ఒక పెద్దాయన, నాటికకు నాలుగంకాలు ఉండాలి, నీది ఏకాంకిక అన్నారు. ‘బాపూ, నువ్వెప్పుడొచ్చినవ్?’ అన్నదాన్ని ‘నాన్నగారూ, మీరెప్పుడు వచ్చారు?’ అని దిద్దారు. నాటకంతో పిల్లలకు మంచి భాష నేర్పాలి గానీ ఇంటి భాష కాదన్నారు. చూసేది ఇంటిల్లిపాదీ కాబట్టి ‘కుటుంబ నాటకం’ అని పేరు పెట్టమన్నారు. ఆయన మాట కాదనలేను, ఒప్పుకోలేను. రిహార్సల్స్ మొదలయ్యాయి, టెన్షన్‌గా ఉంది. ఏది సరైనది?

సమాధానం: ముందు తేలిగ్గా తెగేది చెబుతాను. రాతప్రతి మీద ‘బాలల నాటిక’ అన్న మాటను అలాగే ఉంచండి.

పెద్దాయన చెప్పింది గాలిమాట కాదు. సంస్కృత నాట్యశాస్త్రాల లెక్క ప్రకారం నాటికకు నాలుగంకాలు. హర్షుడి ‘రత్నావళి’ అలాంటిదే. అయితే లక్షణం అంకాల దగ్గరే ఆగదు. నాయకుడు ధీరలలితుడైన రాజు, అంటే కళలూ విలాసాలూ ఇష్టపడేవాడు కావాలి. పట్టపురాణి ఉండగానే ఆయన ఇంకో కన్య మీద మనసు పడాలి. రాణి అలగాలి, చివరికి తనే ఒప్పుకుని పెళ్ళి జరిపించాలి. రసం శృంగారం. శాస్త్రాన్నే పట్టుకుంటే మీ ఏడో తరగతి పిల్లలచేత ఇదంతా వేయించాలి. మీ హెడ్మాస్టరుగారు ఒప్పుకుంటారని నేననుకోను.

తెలుగులో ఆ మాటకు అర్థం మారి చాలాకాలమైంది. గంటకు అటూ ఇటూగా అయిపోయే చిన్న నాటకాన్ని నాటిక అంటున్నాం. నాటక పరిషత్తుల పోటీల్లో నాటకాలు వేరు, నాటికలు వేరు. నంది నాటకోత్సవాల్లో ‘బాలల నాటిక’ అనే పేరుతోనే ఒక విభాగం పెట్టారు. ఏకాంకిక అన్నా తప్పేమీ కాదు. కాకపోతే అది పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే మాట. మేకప్ గదిలో ఎవరూ ‘మన ఏకాంకిక ఎన్నింటికి?’ అని అడగరు.

‘పిల్లల నాటకం’ అన్నా మంచిదే, కాకపోతే ఒక మెలిక ఉంది. ‘పిల్లల అల్లరి’ అంటే పిల్లలు చేసేది. ‘పిల్లల డాక్టరు’ అంటే పిల్లల కోసం ఉన్నవాడు. మరి ‘పిల్లల నాటకం’? పిల్లలు వేసేదా, పిల్లల కోసం పెద్దలు వేసేదా? రెండూ కుదురుతాయి. మీది పిల్లలే వేసేది, పిల్లలే ముందు కూర్చుని చూసేది కాబట్టి గొడవ లేదు. పెద్ద నటులు వేసేటప్పుడు మాత్రం ‘పిల్లల కోసం నాటకం’ అని విడమరిచి రాయడం మేలు.

‘కుటుంబ నాటకం’ వద్దేవద్దు. సినిమా పోస్టర్ల పుణ్యమా అని ‘కుటుంబ కథ’ అనగానే మనకు తోడికోడళ్ళూ ఆస్తి పంపకాలూ గుర్తొస్తాయి. పైగా ‘నాటకాలాడకు’ అంటే దొంగవేషాలు మానమని అర్థం. ఆ లెక్కన ‘కుటుంబ నాటకం’ అంటే ఇంటిల్లిపాదీ కలిసి ఎవరినో బోల్తా కొట్టిస్తున్నట్టు ఉంటుంది. ఇంటిల్లిపాదీ చూసేదానికి మనవాళ్ళు విడిగా పేరు పెట్టుకోలేదు, ఎందుకంటే ఊళ్ళో ఆటలన్నీ అలాంటివే. తోలుబొమ్మలాటకు చాపలూ దుప్పట్లూ పట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళేవారు. రాముడూ రావణుడూ పద్యాలందుకుంటే పిల్లలు ఒరిగి నిద్రపోయేవారు, కేతిగాడూ బంగారక్కా రాగానే లేచి కూర్చునేవారు. (ఆ హాస్యంలో పిల్లలు వినకూడనిది కూడా బోలెడు ఉండేదిలెండి.) నిజంగా కుటుంబ నాటకం అని ఎవరిదైనా అనాలంటే సురభివాళ్ళది అనాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటకాల్లో తాత నుంచి మనవడి దాకా వేషం కట్టేది ఒకే వంశం వాళ్ళు. మీ కరపత్రం మీద ‘ఇంటిల్లిపాదీ చూడదగ్గ బాలల నాటిక’ అని వేయించండి.

ఇక అసలు సంగతి, ‘బాపూ, నువ్వు’.

‘మీరు’ అంటేనే గౌరవం, ‘నువ్వు’ అంటే అమర్యాద అని పెద్దాయన అభిప్రాయం. గౌరవం క్రియ చివర ఉండే ప్రత్యయంలోనే ఉంటే తెలుగువాడు తల్లిని రోజూ అవమానిస్తున్నట్టే. ‘పిల్లి వచ్చింది’, ‘బస్సు వచ్చింది’, ‘అమ్మ వచ్చింది’: మూడింటికీ ఒకటే క్రియ. ‘అమ్మ వచ్చింది’ అన్న పిల్లవాణ్ణి ఎవరైనా కోప్పడ్డారా? మాది గోదావరి ప్రాంతం. మా ఇంట్లో నాన్నను ‘మీరు’ అనేవాళ్ళం, అమ్మను ‘నువ్వు’ అనేవాళ్ళం. భయం నాన్న దగ్గర, చనువు అమ్మ దగ్గర. గౌరవం ఇద్దరి దగ్గరా ఉండేది. తెలంగాణ పల్లెల్లో తాతను కూడా ‘నువ్వు’ అనడం మామూలే. అక్కడ మర్యాద ‘తాతా’ అని పిలిచే పిలుపులో ఉంటుంది. ‘బాపూ’ను ‘నాన్నగారూ’ చేస్తే మర్యాదేమీ పెరగదు. మీరు రాసిన ఇల్లు పోయి, ఆ స్థానంలో ఇంకెవరిదో ఇల్లు వస్తుంది.

నాటక రచయితకు ఇందులో ఇంకో లాభం ఉంది. ఒక పాత్ర ఎవరిని ఏమంటుందో మొదటి నుంచీ ఒకే తీరుగా ఉంచితే, అది మారిన క్షణం ప్రేక్షకుడికి ఇట్టే తెలిసిపోతుంది. రోజూ ‘నువ్వు తిన్నవా బాపూ’ అనే కూతురు, ఫోను లాక్కున్న మర్నాడు ‘మీరు తినండి, నాకాకలి లేదు’ అంటే చాలు. కోపం గురించి ఇంకో వాక్యం రాయనక్కరలేదు. నాన్నగారూ మీరూ అని మొదటి నుంచీ రాసుకుంటే ఈ ఆయుధం చేజారిపోతుంది.

నాటకంలో మంచి భాషే ఉండాలన్న వాదానికి నేను కాళిదాసును సాక్షిగా పిలుస్తాను. శాకుంతలం ఏడో అంకంలో దుష్యంతుడి కొడుకు సర్వదమనుడు సింహపు పిల్లను పట్టుకుని, నోరు తెరు, పళ్ళు లెక్కపెడతానంటాడు. తండ్రి సంస్కృతం మాట్లాడే మహారాజు. ఆ పిల్లవాడు రేపు భరతుడు కాబోయేవాడు. అయినా కాళిదాసు వాడి నోట పెట్టింది ప్రాకృతం. స్త్రీలకూ పిల్లలకూ ప్రాకృతం అన్నది అప్పటి రంగస్థల సంప్రదాయం. చక్రవర్తి కాబోతున్నాడు కదా, ఇప్పటి నుంచే సంస్కృతం నేర్పుదామని కవి అనుకోలేదు.

ఆ ఘట్టంలోనే ఇంకో ముచ్చట. వాడి చేతిలోంచి సింహపు పిల్లను విడిపించడానికి ఆశ్రమంలోని తాపసి మట్టి నెమలిబొమ్మ తెచ్చి, శకుంత లావణ్యం చూడమంటుంది. శకుంతమంటే పక్షి. ‘శకుంత లావణ్యం’ కలిపి పలికితే శకుంతల పేరు వినిపిస్తుంది. పిల్లవాడికి పక్షీ పట్టలేదు, లావణ్యమూ పట్టలేదు. అమ్మ పేరు వినబడింది, ఏదీ మా అమ్మ అంటూ చుట్టూ చూస్తాడు. పిల్లవాడి చెవి ఏ మాటను పట్టుకుంటుందో అంత బాగా తెలిసినవాడు కాళిదాసు.

మన దగ్గరికి వస్తే, 1897లో ప్రతాపరుద్రీయం నాటకం రాసిన వేదం వేంకటరాయశాస్త్రిగారు గ్రాంథిక భాష పక్షాన నిలబడ్డ పండితుడు. అయినా అందులో చాకలి పేరిగాడిచేత వాడుకభాషే మాట్లాడించారు. గ్రాంథికవాదే ఒప్పుకున్న పాత్రోచిత భాషను ఈ కాలంలో మనం కాదనడం ఏం న్యాయం? అయితే శాస్త్రిగారి పద్ధతిలో నాకు నచ్చనిదీ ఉంది. పెద్దవాళ్ళకు గ్రాంథికం, కిందివాళ్ళకు వాడుక అన్న మెట్లు అందులో ఉన్నాయి. మీ నాటికలోనూ ఈ ప్రమాదం రాకుండా చూసుకోండి. ఇంట్లోవాళ్ళంతా తెలంగాణ మాట మాట్లాడుతుంటే, నీతి చెప్పే టీచరు పాత్ర మాత్రం పుస్తకభాషలోకి మారితే, ఏ భాష తక్కువదో పిల్లలకు చెప్పకనే చెప్పినట్టవుతుంది.

బడి నాటకాల్లో నన్ను నిజంగా బాధపెట్టేది యాస కాదు, ఎవరూ మాట్లాడని తెలుగు. ‘అమ్మా! నేను పాఠశాలకు వెళ్ళుచున్నాను’ అంటాడు బాలుడు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు తెలుగువాడు ‘వెళ్తున్నా’ అనడానికే సందేహిస్తాడు. ‘వెళ్ళొస్తా’ అంటాడు, మీ వైపు ‘పోయొస్త’ అంటారు. తిరిగి వస్తానన్న భరోసా ఆ క్రియలోనే ఉంది. ‘ధన్యవాదాలు నాన్నా’, ‘నన్ను క్షమించు తల్లీ’ అనే మాటలు కూడా ఈ బాపతే. మన ఇళ్ళలో తల్లికి ధన్యవాదాలు చెబితే ‘ఒంట్లో బాగుందా?’ అని నుదురు పట్టి చూస్తుంది. తప్పు చేసిన పిల్లవాడు గోడకేసి చూస్తూ ‘ఇంకెప్పుడూ చెయ్యను’ అంటాడు. క్షమాపణ అంతే.

పిల్లల సంభాషణ ఎలా ఉండాలో నేర్చుకోవడానికి ఏడు చేపల కథను మించిన పాఠం లేదు. ‘చేపా చేపా, ఎందుకెండలేదు?’ ‘గడ్డిమోపు అడ్డమొచ్చింది.’ అలా పోయి పోయి చీమ దగ్గరికి వస్తుంది. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ ఒక్కో మాట అయిదారు పదాలకు మించదు, ఒక్క గుక్కలో అయిపోతుంది. చివర ఆ ‘కుట్టనా?’లో ఉన్న పొగరు చూడండి. మన బడి నాటక రచయిత చేతిలో పడితే చీమ ‘నా నివాసమునందు వ్రేలు పెట్టినందువలన నేను కుట్టవలసి వచ్చినది’ అని ఉద్యోగి సంజాయిషీ రాసినట్టు మాట్లాడేది.

దీనికి తలకిందుల తప్పు ఇంకొకటి ఉంది. పిల్లలంటే ముద్దుమాటలే అనుకుని ఏడేళ్ళ పాత్రచేత ‘బువ్వ’, ‘లాల’, ‘బజ్జో’ అనిపిస్తారు. అవి చంటిపిల్లలతో పెద్దవాళ్ళు మాట్లాడే మాటలు. ఏడేళ్ళవాడు అవి తమ్ముడితో అంటాడు గానీ తనకోసం అనుకోడు. ముందు వరసలో కూర్చున్న రెండో తరగతి పిల్లలు కూడా ఇది పట్టేస్తారు, ‘మనల్ని చిన్నపిల్లలనుకుంటున్నాడు’ అని మొహం తిప్పుకుంటారు.

ఇంగ్లీషు మాటల గురించి మీరు అడగలేదు గానీ, సెల్‌ఫోను కథ కాబట్టి చెబుతున్నాను. ఛార్జింగ్‌ను ఛార్జింగ్ అనే రాయండి. ‘హోంవర్క్ చెయ్యలేదు’ను ‘ఇంటిపని చెయ్యలేదు’ అని మార్చకండి. పాఠ్యపుస్తకంలో ఆ మాటకు ఏ అర్థమున్నా, స్టేజి మీద వింటే వాకిలి ఊడ్వలేదనుకుంటారు.

ఇంకో చిక్కు మన పిలుపుల్లోనే ఉంది. కోస్తా వైపు తల్లి కొడుకును ‘ఏం నాన్నా’ అంటుంది, తండ్రి కూతుర్ని ‘అమ్మా’ అంటాడు. స్టేజి మీద ముగ్గురుండగా ‘నాన్నా’ అంటే ఎవరు తిరగాలి? ఆరో తరగతిలో నేను శ్రవణకుమారుడి వేషం వేశాను. ‘జనకా, జలము తెచ్చెదను’ అనాలి. తెర లేచాక ఆ మాట నోటికి రాలేదు. ‘నాన్నా, నీళ్ళు తెస్తాను’ అనేశాను. ముందు వరసలో కునుకు తీస్తున్న మా నాన్న ఉలిక్కిపడి ‘ఆఁ’ అన్నారు. హాలంతా నవ్వులు, మాష్టారి చేత నాకు చీవాట్లు. ఆ రోజు మా నాటకంలో ఎవరైనా బదులు పలికిన మాట అదొక్కటే.

కాబట్టి పాత్రల పట్టికలో పేరు, వయసుతో ఆగకుండా పిలుపులు కూడా రాసుకోండి. చిన్ని బాపును ఏమంటుంది, బాపు చిన్నిని ‘బిడ్డా’ అంటాడా ‘ఏందే’ అంటాడా, బాపమ్మ కోడల్ని పేరు పెట్టి పిలుస్తుందా? వాళ్ళు లేనప్పుడు వాళ్ళ గురించి ‘వచ్చిండు’ అంటారా ‘వచ్చిన్రు’ అంటారా? సందేహం వస్తే ఆ వేషం వేసే పిల్లనే ‘మీ ఇంట్ల ఏమంటరు?’ అని అడగండి. కుండలీకరణాల్లో రాసే రంగస్థల సూచనలు మాత్రం ‘చిన్ని ఫోను దాచి మంచం కింద దూరుతుంది’ అన్నట్టు మామూలు రాత తెలుగులో ఉంచండి. అవి ఎవరి నోటా పలికేవి కావు కాబట్టి, అక్కడ పెద్దాయన దిద్దుబాట్లన్నీ ఒప్పేసుకోవచ్చు.