మిద్దె పని, ఎంసెట్ క్లాసు, పిల్లల సెలవులు: తిరుపతి ఎండల్లో మా ఇంటి లెక్క

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్తారు, మే నెలకు క్రాష్ బ్యాచ్ కూడా ఒప్పుకున్నారు. ఇద్దరు పిల్లలకు సెలవులు. ఇంట్లో మిద్దె కారుతోంది, గోడల రంగు వెలిసిపోయింది, వంటగది కూడా మార్పించాలని ఉంది. స్కూళ్లు తెరిచేలోపు ఇవన్నీ ఎట్లా అని అడుగుతున్నారు.

నేనూ తిరుపతిలోనే ఎనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ పార్ట్‌టైమ్‌గా చెప్తున్నాను. నా భార్యది బ్యాంకు ఉద్యోగం, ఆమెకు వేసవి సెలవులు ఉండవు. అందుకే ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా పిల్లలు, అమ్మ, మధ్యాహ్నం వంట, మేస్త్రీ, అన్నీ నేనే చూసుకుంటాను. మీకు నేను చెప్పేది ఒకటే. ఈ వేసవికి మిద్దె ఒక్కటే పెట్టుకోండి. రంగులు, వంటగది సంక్రాంతి దాటాక చూసుకోవచ్చు.

ఎందుకో చెప్తాను. కేరళను రుతుపవనాలు తాకాయని టీవీలో చెప్పగానే మనకు కంగారు పుడుతుంది, ఆలోపు పని అంతా అయిపోవాలని తొందరపడతాం. కానీ తిరుపతికి పెద్ద వానలు వచ్చేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్, జులైలో పడేవి ఎక్కువగా సాయంత్రం పూట ఉరిమి కురిసి పోయే వానలు. 2021 నవంబరు మీకూ గుర్తుండే ఉంటుంది. వీధులు ఏరులై పారిన ఆ రెండు రోజులూ మా హాల్లో నాలుగు బకెట్లు పెట్టుకుని కూర్చున్నాం. మిద్దెకు అసలు గడువు దసరా. స్కూళ్లు తెరిచే జూన్ పన్నెండు కాదు. ఇది తెలుసుకున్న రోజు నా భుజం మీద బరువు సగం దిగింది.

రంగుల సంగతికి వస్తే, నీళ్లు తాగిన గోడకు కారడం ఆగక ముందే రంగు వేస్తే ఆ డబ్బు పొక్కులై ఊడిపోతుంది. మిద్దె బాగుచేసి, ఒక వానాకాలం గడిచి, గోడ పొడిగానే ఉందని కళ్లతో చూసుకున్నాక జనవరి, ఫిబ్రవరిలో వేయించుకోండి. వంటగది మాత్రం వేసవిలో అసలు ముట్టుకోకండి. పిల్లలు మూడు పూటలా ఇంట్లో తినే రోజుల్లో పొయ్యి వరండాలోకి మారితే ఆ ఇంట్లో ఎవరికీ స్థిమితం ఉండదు.

ఇది నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. ఒక వేసవిలో మూడు పనులూ ఒకేసారి మొదలుపెట్టాను. పైగా మూడు బ్యాచ్‌లు ఒప్పుకున్నాను: పొద్దున ఆరున్నరకు ఎంసెట్ (ఇప్పుడది ఈఏపీసెట్, కానీ మా స్టాఫ్ రూములో పాత పేరే నడుస్తోంది), పదిన్నరకు సప్లిమెంటరీ పిల్లలు, సాయంత్రం ఇంకో బ్యాచ్. వంటగది గట్టు పగలగొట్టిన మూడో రోజు మేస్త్రీ ఫోన్ చేశాడు. "సార్, మా ఊర్లో గంగజాతర. వారం పాటు రాలేను సార్." అతని తప్పేం లేదు. మన జిల్లాలో మే నెలంటేనే జాతరల కాలం, అది నేను ముందే అడిగి ఉండాల్సింది. అదే వారం చిన్నోడు మధ్యాహ్నం ఎండలో కూలీల వెనకే తిరిగి తిరిగి వాంతులు చేసుకుని పడిపోయాడు. వడదెబ్బ. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ పెట్టించాం. నేను ఒక పూట క్లాసు ఎగ్గొట్టి, రెండో పూట పోయి నిలబడ్డాను గానీ మనసు అక్కడ లేదు. క్లాసు అయ్యాక సప్లిమెంటరీ రాయబోయే పిల్లాడొకడు కెపాసిటర్ల లెక్క పట్టుకుని వచ్చి "సార్, ఐదు నిమిషాలు" అన్నాడు. రేపు చెప్తానని బండెక్కి వచ్చేశాను. ఆ రేపు రాలేదు. పరీక్ష అయిపోయింది. మా చిన్నోడు కోలుకున్నాడు, వంటగది పూర్తయింది, ఆ ఐదు నిమిషాలు మాత్రం నాకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి వేసవిలో ఒక్క బ్యాచ్‌కు మించి ఒప్పుకోవడం లేదు.

మీరు కూడా బ్యాచ్ ఒప్పుకునే ముందు గంటల లెక్క సరిగా వేసుకోండి. మనకు జీతం ఇచ్చేది బోర్డు ముందు నిలబడిన గంటకే. ఆ గంట వెనక ఇంకో గంట ఇంట్లో ఉంటుంది. ఎంసెట్ ఇంజినీరింగ్ పేపరు 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, అందులో మన ఫిజిక్స్ 40. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు. కాబట్టి అధ్యాయం మొత్తం విడమర్చి చెప్పే పాఠం అక్కడ పనికిరాదు. ఏ ప్రశ్న వదిలేయాలో, దేన్ని రెండు లైన్లలో తేల్చాలో చూపించాలి, దానికి మనం ముందే కూర్చుని చేసి పెట్టుకోవాలి. రెండు గంటల క్లాసును నేను నాలుగు గంటల పనిగా రాసుకుంటాను. మాక్ పేపర్లన్నీ మార్చిలోనే, పిల్లలకు ఇంకా బడి ఉన్నప్పుడే తయారు చేసుకుంటాను. అధ్యాయానికో నోటుబుక్కు ఉంది, ప్రతి ఏడాదీ దానికే కలుపుకుంటూ పోతాను. మేలో కొత్తగా తయారు చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

డబ్బు విషయం కూడా ఒక మాట. క్రాష్ బ్యాచ్ డబ్బు నా చేతికి వచ్చేసరికి జులై అవుతుంది. అది వస్తుందని నమ్ముకుని మేలో మేస్త్రీకి మాట ఇవ్వకండి. శనివారం కూలి శనివారమే ఇవ్వాలి, ఆ ఇళ్లు దాని మీదే నడుస్తాయి. చేతిలో ఉన్నంతకే పని మొదలుపెట్టండి.

మా రోజు ఎండను బట్టి నడుస్తుంది. నాలుగున్నరకు లేస్తాను. ఐదింటికి మిద్దె మీద నీళ్లు పట్టడం, ఆరున్నర నుంచి తొమ్మిది దాకా క్లాసు. తొమ్మిదిన్నరకు వచ్చి టిఫిను, కూరగాయలు, బ్యాంకు పనులు పదిన్నరకల్లా ముగిస్తాను. పదకొండు నుంచి నాలుగు దాకా తలుపులు మూసేస్తాం. రాగి అంబలి, మజ్జిగ, క్యారమ్స్, నిద్ర. ఆ నిశ్శబ్దంలో రెండు నుంచి నాలుగు దాకా నా మర్నాటి పాఠం. ఆ రెండు గంటలు నాన్నను పిలవకూడదని పిల్లలకు తెలుసు, ఐదున్నర తర్వాత నాన్న ఫోన్ ఎత్తడని కాలేజీ వాళ్లకూ తెలుసు. సాయంత్రం యూనివర్సిటీ గ్రౌండుకో, కపిలతీర్థానికో పోతాం. వారానికోసారి అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి పోతాం, అక్కడి నక్షత్రశాల మా పెద్దదానికి ప్రాణం.

ఇక తిరుపతిలో ఉన్నవాళ్లకే ఉండే రెండు సంగతులు. ఒకటి, దర్శనానికి వచ్చే బంధువులు. వేసవిలో మన ఇల్లు చుట్టాలకు సత్రం లాంటిది, దాన్ని నేను భారమనుకోను. కానీ ముందుగా మాట్లాడుకోవాలి. మూడు వందల రూపాయల టికెట్లు ముందుగానే ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటారు కాబట్టి ఎవరు ఏ తేదీకి వస్తున్నారో మనకు తెలిసే వీలుంది. ఫలానా రెండు వారాలు మిద్దె పని ఉంది, ఆ తర్వాత రండి అని ఫిబ్రవరిలోనే కుటుంబం గ్రూపులో పెడతాను. ఎవరూ నొచ్చుకోలేదు. సర్వదర్శనం టోకెన్ల కోసం విష్ణునివాసం వసతి భవనం దగ్గర ఎప్పుడు క్యూలో నిలబడాలో, అలిపిరి నుంచి నడిస్తే 3550 మెట్లకు ఎన్ని గంటలు పెట్టుకోవాలో మా అమ్మాయే చెప్తుంది. నడిచే వాళ్లు వస్తే పిల్లలూ వాళ్ల వెంట కొండెక్కుతారు. ఆ పూట నాకు చేతి నిండా సమయం.

రెండోది తాతయ్యగుంట గంగమ్మ జాతర. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదన్నది మా అమ్మ గట్టిగా పాటించే కట్టడి. అందుకే పిల్లలను దామలచెరువు దగ్గర వాళ్ల అవ్వా తాతల ఊరికి పంపేది జాతర అయ్యాకే. ఆ వారం పిల్లలకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం వేయించే హడావుడిలో ఇంకే పనీ పెట్టుకోను. జాతర ముగిసిన మర్నాడు బస్సెక్కిస్తే బేనిషా మామిడిపళ్లు తినే రోజులకు తోటలో ఉంటారు, తోతాపురి కోతలు మొదలయ్యేటప్పటికి బడికి వచ్చేస్తారు. పిల్లలు ఊర్లో ఉండే ఆ పది, పన్నెండు రోజులే మిద్దె పని. కూలీల మధ్య, సిమెంటు మధ్య చిన్నపిల్లలు తిరగకుండా ఉండటానికి నాకు దొరికిన దారి ఇదే.

మిద్దె పని ఎట్లా చేయించానో కూడా రాస్తాను, మీకు పనికొస్తుంది. ముందు ఎక్కడ కారుతుందో తేల్చుకోండి. మిద్దె మీద చుట్టూ చిన్న గట్టు కట్టి ఒక రోజంతా నీళ్లు నిలబెడితే కింద తడి మచ్చ చూపిస్తుంది. మాకు పగులు మధ్యలో లేదు, పిట్టగోడ స్లాబుతో కలిసే మూలలో ఉంది, నీళ్ల గొట్టం దిగే చోట ఇంకొకటి. ఆ మూలలు చెక్కించి నింపించాం, నీళ్లు గొట్టం వైపు పోయేటట్టు వాటం సరిచేయించాం. సిమెంటు పూత పని సాయంత్రం నాలుగు తర్వాతే చేయించండి. నడిఎండలో వేస్తే గట్టిపడక ముందే నీరు ఆవిరై సన్న పగుళ్లు వస్తాయి. ఎండకాలంలో కనీసం పది రోజులు తడి ఆరనివ్వకూడదు. గోనెపట్టాలు పరిచి తడిపితే నీళ్లు తక్కువ పడతాయి. మా వీధికి రోజు మార్చి రోజు నీళ్లు వస్తాయి కాబట్టి సంపు నిండిన రోజే పని మొదలుపెట్టించాను. తెల్లవారి నీళ్లు నావి, రాత్రివి నా భార్యవి. "మీరు క్లాసు వదులుకోవద్దు, నేను పడతాను" అని ఆమె అనకపోతే ఆ పది రోజులు గడిచేవి కావు.

తడిపే రోజులు అయ్యాక పూర్తిగా ఆరనిచ్చి పైన తెల్లపూత వేశాం. తడి మీద వేస్తే బుడగలు లేచిపోతుంది. కంపెనీ కూల్ రూఫ్ రంగులు కొనలేకపోతే సున్నం చాలు: రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు. ఏడాదికోసారి మళ్లీ వేసుకోవాలి. రాళ్లసున్నంలో నీళ్లు పోసినప్పుడు అది ఉడుకుతుంది, కళ్లలో పడితే ప్రమాదం, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. వాళ్లు ఊరి నుంచి వచ్చాక చిన్నోడి చేతికి థర్మామీటరు ఇచ్చాను. పూతకు ముందు వాడు పుస్తకంలో రాసిపెట్టిన అంకెలతో పోల్చుకుంటే మధ్యాహ్నం మూడింటికి పైగదిలో దాదాపు మూడు డిగ్రీలు తక్కువ. పగలంతా స్లాబు తాగిన వేడి రాత్రికి ఇంట్లోకి ఎందుకు దిగుతుందో, తెల్లరంగు ఎండను ఎందుకు తిప్పికొడుతుందో ఆ అంకెలతోనే చెప్పాను. మర్నాడు అదే పుస్తకం క్లాసుకు తీసుకుపోయి ఎంసెట్ పిల్లలకు చూపించాను. ఆ గంటలో ఎవరూ గడియారం వైపు చూడలేదు.

ఒకటి మరిచిపోయాను. మొదటి ఏడాది మిద్దె నిండా నీళ్లు కట్టి పెట్టాక మా అమ్మ మెట్ల మీద నిలబడి, "మిద్దెంతా నువ్వు తీసుకుంటే నేను వడియాలు యాడ పెట్టేదిరా?" అంది. సగ్గుబియ్యం పిండి ఉడికించి పెట్టుకుంది పాపం. ఇప్పుడు ఏప్రిల్ నెలంతా మిద్దె ఆమెది. వడియాలు, మజ్జిగ మిరపకాయలు, ఊరగాయకు మామిడి ముక్కలు, అన్నీ ఎండి డబ్బాల్లోకి ఎక్కాకే మేస్త్రీకి ఫోన్ చేస్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల పని రోజులు కూడా ముందే కనుక్కోండి.

మీ మిద్దె ఏ మూల కారుతోందో, కట్టి ఎన్నేళ్లయిందో, మీ బ్యాచ్ ఎన్నింటి నుంచి ఎన్నింటికో రాయండి. తేదీలు పెట్టుకుని కలిసి లెక్క వేద్దాం.