ఛార్జ్ ఫుల్ చూపించి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆగిపోతున్న సెకండ్‌హ్యాండ్ ఈ-స్కూటర్

అన్నా, మోటారు, కంట్రోలర్ (మోటారుకు కరెంటు అందించే పెట్టె) జోలికి ఇప్పుడే పోవద్దు. మీది 48 వోల్టుల లెడ్ యాసిడ్ బండి, 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి కలిపి) ఉంటాయి. ఒక్కటి వీకైనా లోడ్ పడగానే మొత్తం వోల్టేజీ జారి కంట్రోలర్ కట్ చేస్తుంది.

ఎంసీబీ (బ్యాటరీ కరెంటు ఆపే స్విచ్) దించి, స్పానర్ పిడికి టేపు చుట్టి, నాలుగింటినీ విడదీయండి. ఫుల్ ఛార్జ్ చేసిన రెండు గంటలకు ఒక్కోదానికి 55 వాట్ల హాలోజన్ హెడ్‌లైట్ బల్బు పది నిమిషాలు వెలిగించి, వెలుగుతుండగానే మల్టీమీటర్ పెట్టండి. మంచిది 12 పైనే నిలుస్తుంది. 11 కిందికి పడిందే దొంగ. బల్బు లేకుండా చూస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, మెకానిక్‌లు మోసపోయేదీ అక్కడే.

పాతవాటిలో ఒక్క కొత్తది కలపొద్దు, పాతవి ముందే ఖాళీ అయి ఇంకా పాడవుతాయి. డబ్బు తక్కువుంటే అదే ఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం), అదే వయసున్న సెకండ్‌హ్యాండ్ బ్యాటరీ టెస్ట్ చేసి వేసుకోండి.

లిథియానికి మారితే 16 సెల్స్ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ సరిపోతుంది. బీఎంఎస్ (ప్యాక్‌ను కాపాడే సర్క్యూట్) ఆంపియర్లు కంట్రోలర్ లేబుల్ మీదున్న దానికంటే ఎక్కువుండాలి. ఛార్జర్ 58.4 వోల్టులది కొనండి, పాతది వాడొద్దు. కడప ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా బ్యాటరీ చల్లారనివ్వండి.

అన్నట్టు, బ్యాటరీ ప్లగ్గు కరిగి నల్లబడిందేమో కూడా చూడండి.