కొండవాలు స్థలం నుంచి మట్టి కొట్టుకుపోతుంటే

ప్రశ్న: విజయవాడ గుణదలలో కొండవాలున ఉన్న మా స్థలాన్ని పొక్లెయిన్‌తో చదును చేయిస్తున్నాం. వాన పడినప్పుడల్లా మట్టి వీధి కాలువలోకి చేరుతోంది. ఇసుక బస్తాలు అడ్డం వేసినా ఆగడం లేదు. ఏం చేయాలి?

జవాబు: కాలువ పూడితే నీళ్లు చేరేది దిగువ ఇళ్లలోకి కనుక మీ ఆందోళన సరైనదే. కదిలిన మట్టిని పట్టుకోవడం కన్నా కదలకుండా చూడటం తేలిక. ముందుగా స్థలం ఎగువ అంచున అడ్డంగా కాలువ తీయించి, కొండ మీది నుంచి వచ్చే నీటిని రాళ్లు పరిచిన దారిలో పక్కకు మళ్లించండి. నైరుతి వానలు వెళ్లగానే అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు వస్తాయి కాబట్టి, స్థలమంతా ఒకేసారి తవ్వించకుండా, పూర్తయిన వాలును ఎప్పటికప్పుడు వరిగడ్డితో గానీ జనపనార వలతో గానీ కప్పించండి. చినుకు నేరుగా మట్టిని తాకకపోవడమే అన్నిటికన్నా ముఖ్యం.

బస్తాల బదులు దిగువన జియోటెక్స్‌టైల్ గుడ్డతో (నీటిని వదిలి మట్టిని ఆపే సింథటిక్ గుడ్డ) కంచె కట్టించవచ్చు. దాని అడుగు అంచును సుమారు 15 సెంటీమీటర్ల లోతు గాడిలో పూడ్చి దిమ్మిసతో గట్టిపరచాలి. చాలాచోట్ల ఆ అంచును నేలమీదే వదిలేయడంతో నీరు కిందినుంచి దూరిపోతుంది. కంచె ఒకే మట్టంలో సాగాలి, రెండు చివరలూ ఎగువకు వంగాలి. పేరుకున్న మట్టి మూడో వంతు ఎత్తుకు రాగానే తీయించండి. ధారగా పారే నీటికి మాత్రం కంచె నిలవదు. అక్కడ రాతి అడ్డుకట్ట, మట్టి పేరుకునే గుంట కావాలి. గుంటలో ఇసుక త్వరగా దిగినా బంకమట్టి రేణువులు చాలాసేపు తేలుతూనే ఉంటాయి. గుంటూరు నల్లరేగడిలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. చక్రాలకు అంటిన మట్టి వీధిలోకి రాకుండా, లారీలు బయటికి వచ్చే చోట కంకర పోయించండి.